మెట్ట పిల్లది వేడి ఒళ్ళట

నా ఒంటి తత్వం ఏమిటో నేను తప్ప మా వీధిలో అందరూ చెప్పగలిగిన కాలం ఒకటి నడిచింది. పాలు పోసే ఆవిడ చెప్పేది, చాకలి చెప్పేది, మా ఆయన పనిచేసే ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ చెప్పేవాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల నేను పోవలసినదాన్ని. పోలేదు కాబట్టి రాస్తున్నాను. నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకుండా రాద్దామనే కూర్చున్నాను గానీ, తలుచుకుంటుంటే నొప్పించకుండా రాయడం కుదిరేలా లేదు.

మా పుట్టిల్లు తుని. నన్ను నరసాపురం దగ్గర పల్లెకి ఇచ్చారు. కాలవ నీళ్ళ మీద బతికేవాళ్ళకి మెట్ట ప్రాంతం వాళ్ళంటే ఒక లెక్క ఉంటుంది. బోరు నీళ్ళు తాగినవాళ్ళు, కొండల ఎండకి కాగినవాళ్ళు, కాబట్టి ఒళ్ళు వేడిది, నోరు వేడిది అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నోరు పూసింది. అంతే, మా అత్తగారు తేల్చేశారు.

"మెట్ట పిల్లది వేడి ఒళ్ళు. నేను ముందే అనుకున్నాను."

"కాదండీ అత్తయ్యగారూ, నాకు చిన్నప్పటినించీ చలెక్కువ" అన్నాను.

"తునిలో చలెక్కడిదే, చోద్యం కాకపోతే!" అని నవ్వారు.

నేనూ నవ్వాను. అప్పట్లో నాకు ప్రతిదానికీ నవ్వొచ్చేది.

తొంభై ఏడు వేసవి

ఆ ముందటి కార్తీకంలో పాప పుట్టింది. తొలి కాన్పు కదా, తునిలోనే పురుడు పోసుకుని, అయిదో నెలలో పిల్లనెత్తుకుని అత్తారింటికి వచ్చాను. వచ్చినప్పుడు బాగానే ఉన్నాను, బొద్దుగా ఉన్నాను. ఎండలు ముదిరేసరికి నాకు చెమటలు మొదలయ్యాయి. అందరికీ పడుతున్నాయి, నాకూ పడుతున్నాయి అనుకున్నాను. ఎండాకాలంలో జబ్బు మొదలైతే అదొక దరిద్రం. ఎండ మాటున దాక్కుంటుంది.

ఆషాఢం వచ్చింది, వానలు పడ్డాయి, ఇంటిల్లిపాదీ కిటికీలు మూసుకుంటున్నారు. నాకు మాత్రం ఇంకా చెమటలే. అరుగు మీద కూర్చుంటే గుండె చప్పుడు నాకే వినపడేది, పరిగెత్తుకుంటూ ఎవరో ఇంట్లోకి వస్తున్నట్టు. ఆకలి చూస్తే రాక్షసి ఆకలి. తిన్నదంతా ఎక్కడికి పోతోందో తెలియదు, గాజులు మోచేతి దాకా జారిపోయేవి. చిత్రమేమిటంటే మెడలో నల్లపూసలు మాత్రం బిగుతయ్యాయి. అత్తగారితో అంటే, "మెడ నిండుగా ఉంటే అందమేనే" అన్నారు.

ఈ వైపు ఆడవాళ్ళందరిలాగే నేనూ లేసు అల్లుతాను. పక్కింటి మరియమ్మక్క నేర్పింది. వాళ్ళు లూథరన్ చర్చికి వెళతారు, మేం గుడికి వెళతాం. మధ్యాహ్నం మాత్రం ఇద్దరిదీ ఒకటే అరుగు, ఒకటే దారపు ఉండల బుట్ట. ఒకరోజు అల్లుతుంటే నా సూదికి దారం తగులుకోలేదు. మళ్ళీ వేశాను, తప్పింది. చేతిలోకి చూసుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి, గాలికి చింతాకు వణికినట్టు.

మరియమ్మక్క నా చేతిలో లేసు పువ్వు తీసుకుని, తప్పిన ముడులు విప్పి, తను అల్లి, ఏమీ ఎరగనట్టు నా బుట్టలోనే పడేసింది. లేసు కొనే ఏజెంటు వచ్చినప్పుడు రెండింటికీ తేడా కనిపెట్టలేకపోయాడు. అలా ఎన్నాళ్ళు చేసిందో నాకే తెలియదు.

"సత్యా, ఇది తత్వం కాదే. ఆస్పత్రికి వెళ్ళు" అంది మెల్లిగా.

అత్తగారికి ఆ మాట వినపడింది. "వేడి ఒంటికి ఇంగ్లీషు మందులు పడితే ఇంకా వేడి, మరియమ్మా. మీకు అలవాటు, మాకు పడవు" అన్నారు.

అదే శ్రావణం

ఒప్పుకోవాలి, మా వాళ్ళు నన్ను వదిలెయ్యలేదు. భీమవరంలో ఆయుర్వేద వైద్యులున్నారని, ముందు ఒంటి తత్వం కనిపెట్టి ఆ తర్వాతే మందిస్తారని ఫ్యాక్టరీలో ఎవరో చెబితే మా ఆయన తీసుకెళ్ళారు. అత్తగారు కూడా వచ్చారు. చేపల మేత అమ్మే కొట్టు మీద మేడ. కింద మేత వాసన, పైన వరండాలో జనం. నేను పమిటతో విసురుకుంటూ నిలబడలేక మెట్టు మీద కూర్చున్నాను. ఆ వరండాలో అందరూ ఒకళ్ళ తత్వం ఒకళ్ళు చెప్పుకుంటున్నారు. "మాది వాతం అండి." "మా తోడికోడలిది శ్లేష్మం అండి, అందుకే బద్ధకం." పెళ్ళివారు గోత్రాలు చెప్పుకున్నట్టుంది.

లోపలికి పిలిచారు. వైద్యుడుగారు మంచివారే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మర్యాదగా కూర్చోమని నాడి పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు.

"నిద్ర ఎలా పడుతుందమ్మా?" అన్నారు నావైపు చూసి.

"ఎక్కడండీ నిద్ర! దొర్లుతూనే ఉంటుంది" అన్నారు అత్తగారు.

"చెమట?"

"జాకెట్టు పిండుకోవాలండి" అన్నారు మా ఆయన. "దీన్ని తీసుకెళ్ళి మా ఫ్యాక్టరీలో కూర్చోబెడితే ఐసు గడ్డలన్నీ కరిగిపోతాయండి."

"ఆకలి?"

"దానికేం లోటు లేదండి. గిన్నె కడగక్కర్లేకుండా ఊడ్చేస్తుంది."

"జుట్టు రాలుతుందా?"

"ఇల్లంతా అదేనండి."

"కోపం?"

అత్తగారూ, మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "ఆ ఒక్కటీ మీరు అడక్కూడదండీ, మేం చెప్పకూడదు" అన్నారు అత్తగారు.

వైద్యుడుగారు కూడా నవ్వి, ఆఖరి ప్రశ్న అడిగారు. నా బతుకంతా ఆ ప్రశ్నలో ఉంది.

"పుట్టినప్పటినించీ ఇంతేనా?"

"పుట్టినప్పటినించీ ఇంతేనండి. మెట్ట పిల్ల" అన్నారు అత్తగారు.

ఆవిడ నన్ను మొదటిసారి చూసింది పెళ్ళిచూపుల్లో. అప్పటికి నాకు పెళ్ళీడు. నేను పుట్టినప్పుడు ఆవిడ ఎక్కడుంది? నన్ను ఎత్తుకుందా, నీళ్ళు పోసిందా, ఉగ్గు పెట్టిందా?

"కాదండీ, చిన్నప్పుడు నేను..." అన్నాను. గొంతు పెద్దదైంది, చేతులు వణికాయి.

"చూశారా!" అన్నారు అత్తగారు, సాక్ష్యం దొరికినట్టు.

"పిత్త ప్రకృతి. అచ్చమైన పిత్తం" అన్నారు ఆయన. చూర్ణం, లేహ్యం, తలకి నూనె, పథ్యం.

మరో ఇంట్లో ఇలా జరుగుతుంటే దయచేసి గమనించండి. ఒక మనిషి చెప్పే మాటని కూడా రోగ లక్షణంలో కలిపేశాక, ఇంక ఆ మనిషికి చెప్పుకునే దారి ఉండదు. నేను ఊరుకుంటే చూర్ణం పనిచేసిందన్నారు. గట్టిగా అంటే పైత్యం ముదిరిందన్నారు. ఏడిస్తే మజ్జిగ ఇచ్చారు.

పథ్యం సంగతి చెప్పాలంటే ఆవకాయ లేదు, గోంగూర లేదు, ఆవ పెట్టిన కూర లేదు, చేపల పులుసు పొయ్యి మీద కుతకుతలాడుతుంటే నాకు సగ్గుబియ్యం జావ. పెనంలా కాలే ఆకలికి జావ! మాడు మీద ఆముదం, నుదుటి మీద గంధం. గంధం ఆరకముందే చెమటకి కారిపోయి కళ్ళలో పడేది.

ఇదంతా క్షమించగలను. తర్వాతది క్షమించలేను.

భాద్రపదం

పాపకి ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. ఆ ఉక్కకి ఎవరి పిల్లలకి లేవలేదు? మా అత్తగారు మాత్రం దాన్ని నా ఒడిలోంచి తీసుకుని, దీపం కింద పెట్టి చూసి అన్నారు, "తల్లి వేడి పాలల్లో దిగింది."

పాలు మాన్పించేశారు. నా పక్కలో పడుకోబెట్టొద్దన్నారు, నా వేడి తగులుతుందట. డబ్బా పాలు పట్టి తన గదిలో పడుకోబెట్టుకున్నారు. పిల్ల గోడ అవతల ఏడుస్తుంటే ఇవతల నా రొమ్ములు తడిసిపోయేవి. నేను లేచి తలుపు దాకా వెళితే, "దాని మంచికే కదా సత్యా, కోపం తెచ్చుకోకు" అనేవారు మా ఆయన. ఆయనా నిజంగానే నమ్మారు. చేతులు వణికే మనిషి చేతికి పిల్లనెలా ఇస్తాం అని కూడా అన్నారు. నాకూ అదే భయం. నా పిల్ల నా చేతుల్లోంచి జారిపోతుందేమోనని నాకే భయం వేసేది.

వారానికోసారి ఎస్.టి.డి. బూత్ నుంచి అమ్మకి ఫోను చేసేదాన్ని. పక్కన అత్తగారు. "బాగానే ఉన్నానమ్మా, కొంచెం వేడి చేసిందంతే" అనేదాన్ని. నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు, అమ్మ రాలేదు. రమ్మని అడగలేదు కూడా. నిజం చెప్పొద్దూ, అప్పటికి నేనే నమ్మడం మొదలుపెట్టాను. ఇంతమంది అంటున్నారు, నేనే పొరబడ్డానేమో, చిన్నప్పుడు నాకు చలేసిందని కలగన్నానేమో అనుకున్నాను.

కార్తీకం

పాప మొదటి పుట్టినరోజుకి అమ్మ బయలుదేరింది. నిడదవోలులో రైలు మారి నరసాపురం వస్తుంది. నేనూ మా ఆయనా స్టేషనుకి వెళ్ళాం. అక్కడితో లైను ఆఖరు, రైల్లో ఉన్నవాళ్ళందరూ దిగాల్సిందే. అమ్మ ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో తేగల కట్టతో దిగి, నలువైపులా చూసుకుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

"అమ్మా" అన్నాను.

వెనక్కి తిరిగింది. నన్ను చూసి, నా వెనక నేనున్నానేమోనని చూసింది. తర్వాత మళ్ళీ నన్ను చూసింది. తేగల కట్ట ప్లాట్‌ఫారం మీద పడిపోయింది.

దారిలో ఆటోలో నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఆ వణుకు ఆగుతుందేమోనని అదిమి పట్టుకుంది. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పిల్లని ముద్దు పెట్టుకుని, వడ్డించిన అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక అడిగింది.

"వదినగారూ, మా అమ్మాయిది వేడి ఒళ్ళని మీకెవరు చెప్పారండి?"

"ఎవరో చెప్పాలేంటండీ, కనపడుతూనే ఉందిగా. వైద్యుడుగారు కూడా అదే అన్నారు."

"ఇది మే నెలలో దుప్పటి కప్పుకునేదండి. మా తునిలో, మే నెలలో! వేణ్ణీళ్ళు కాస్తే గానీ స్నానానికి లేచేది కాదు. ఏడాదిలో సగం జలుబు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగడానికి పొద్దుపోయేది. మా వీధిలో దీన్ని నత్త అనేవారు. కొట్టినా కోపం రాదండి దీనికి. ఇంకో దెబ్బ కొడతావా అన్నట్టు నవ్వుతూ చూసేది."

మా ఆయన తలెత్తి నావైపు చూశారు. మూడేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి, నా చిన్నతనం గురించి అప్పుడే మొదటిసారి విన్నట్టు చూశారు.

అత్తగారు తగ్గలేదు. "పెళ్ళయ్యాక తత్వం మారి ఉంటుంది లెండి వదినగారూ. నీళ్ళు మారాయి కదా."

"మీ గోదావరి నీళ్ళు చలవ అని పెళ్ళిలో మీరే చెప్పారండి. చలవ నీళ్ళు తాగి వేడెక్కిందా?"

గోడవతల మరియమ్మక్క దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మర్నాడు అమ్మే నన్ను భీమవరం తీసుకెళ్ళింది. అదే మేడ, అవే మెట్లు. వైద్యుడుగారితో, "మీరు అప్పుడడిగిన ప్రశ్నలన్నీ మళ్ళీ అడగండి బాబూ. చిన్నప్పటి సంగతి నేను చెబుతాను. ఇప్పటి సంగతి దాన్నే అడగండి" అంది. ఆయన అడిగారు. అమ్మ చెప్పిన ప్రతి జవాబూ అత్తగారు చెప్పినదానికి తిరగేసినట్టుంది. తర్వాత నన్ను అడిగారు. నేను గుండె చప్పుడు సంగతి చెప్పాను, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు ఆయనకి. నల్లపూసల సంగతి చెప్పాను. ఆయన లేచి వచ్చి నా మెడ మీద వేళ్ళు పెట్టి, మింగమన్నారు.

తన కుర్చీలోకి వెళ్ళి కళ్ళజోడు తీసేశారు.

"ప్రకృతి అనేది పుట్టుకతో వస్తుందమ్మా. పోయేదాకా మారదు. మనిషి ఇంతగా మారిపోయిందంటే అది తత్వం కాదు, జబ్బు. ఇది నా చేతిలో లేదు. వెంటనే రాజమండ్రి వెళ్ళండి."

అమ్మ ఆయనకి దణ్ణం పెట్టింది. నేను పెట్టలేదు. ఆ మాట ఆయనకి శ్రావణంలోనూ తెలుసు కదా! పుట్టినప్పటినించీ ఎలా ఉందో అడగాలని తెలిసినవారికి, ఎవర్ని అడగాలో తెలియదా? నాడి నాది పట్టుకుని మాట మా అత్తగారిది విన్నారు. ఆయుర్వేదాన్ని నేను తిట్టను, అందులో ఉన్న మాటే చివరికి నన్ను కాపాడింది. ఆ మాట నాకు చేరడానికి మా అమ్మ రెండు రైళ్ళెక్కి రావలసివచ్చింది, అదీ నా బాధ.

రాజమండ్రి

అక్కడ ఆస్పత్రి వరండాలో నేనూ, అమ్మా, మా ఆయనా పొద్దున్నించీ బెంచీ మీద కూర్చున్నాం. రక్తం తీసుకున్నారు, ఏవో యంత్రాల కింద పడుకోబెట్టారు. నాకు ఎదురుగా కూర్చున్న ముసలావిడ, ఎవరో ఏమో, తన ఎక్స్‌రే కవరుతో నాకు విసురుతూ కూర్చుంది. "నాకు చలిగానే ఉందమ్మా, నీకు విసిరితే నా చెయ్యి వెచ్చబడుతుంది" అంది. తన తత్వం ఏమిటో ఆవిడ చెప్పలేదు, నాది అడగలేదు. ఉక్కగా ఉన్న మనిషికి విసిరింది, అంతే.

డాక్టరమ్మ చూసి, మెడలో గ్రంథి మితిమీరి పనిచేస్తోందని చెప్పింది. "ఇన్నాళ్ళేం చేశారు? గుండె ఎంత అలిసిపోయిందో తెలుసా?" అని మా ఆయన్ని కోప్పడింది. ఆవిడ కోపాన్ని ఎవరూ పైత్యం అనలేదు.

బయటికి వచ్చాక ఆయన బెంచీ మీద కూలబడ్డారు. కళ్ళలో నీళ్ళు. "నువ్వైనా గట్టిగా చెప్పకపోయావా సత్యా?" అన్నారు.

నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం జన్మలో రాలేదు. "గట్టిగా చెబితే ఏమన్నారండీ?" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. ఇంటికి వెళ్ళే దారిలో నాకు నచ్చుతుందని మిరపకాయ బజ్జీలు కొనిచ్చారు. కారంగా ఉన్నాయి. ఏడుస్తూ తిన్నాను.

తొంభై ఎనిమిది

మందులకి నెమ్మదిగా గుండె సద్దుకుంది. గాజులు మణికట్టు దగ్గరికి వచ్చాయి, నల్లపూసలు వదులయ్యాయి. ఆ పుష్యమాసంలో ఒక పొద్దున్న లేస్తూనే ఒళ్ళు జలదరించింది. ఏమిటో అనుకున్నాను. చలి! నాకు చలేస్తోంది! సంక్రాంతికని వచ్చి ఉన్న అమ్మని గట్టిగా పిలిచి దుప్పటి తెమ్మన్నాను. అమ్మ దుప్పటి కప్పి, "వచ్చావా నత్తా?" అంది.

అన్నీ తిరిగి వచ్చాయి, పాలు తప్ప. పాలు ఎప్పుడో ఇగిరిపోయాయి. పాప మొదట్లో నా దగ్గరికి వచ్చేది కాదు. ఎత్తుకుంటే వాళ్ళ నాయనమ్మ వైపు చేతులు చాచేది. అలవాటు చేసుకోవడానికి నేను దాని వెంట పరాయిదానిలా తిరిగాను. ఆ నెలలు ఏ వైద్యుడు తెచ్చిస్తాడు? అత్తగారు ఒక్కసారి కూడా పొరపాటైందని అనలేదు. ఒకరోజు మాత్రం పిల్లని తీసుకొచ్చి నా పక్కలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు.

ఇప్పుడు

రెండు వేల మూడు ఇది. పాప బడికి వెళుతోంది. మొన్న వేసవిలో కొత్త ఆవకాయ కలిపిన రోజు, అరుగు మీద నేనూ మరియమ్మక్కా లేసు అల్లుకుంటున్నాం. అత్తగారు వేడి అన్నంలో నెయ్యి వేసి కొత్తావకాయ ముద్దలు కలిపి అందరికీ చేతిలో పెడుతున్నారు. పాప చెయ్యి చాపింది.

"నీకొద్దే, నీకు పెరుగన్నం పెడతాను. అమ్మ పోలికే నీది, వేడి ఒళ్ళు" అన్నారు.

ఇన్నేళ్ళ తర్వాత, ఇంత జరిగాక, నా పిల్లని!

"అత్తయ్యగారూ," అన్నాను, "దాని ఒంటి సంగతి దాన్ని అడగండి."

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అన్నాను. అత్తగారి చెయ్యి ముద్దతో అలాగే ఆగిపోయింది.

"విన్నావా మరియమ్మా, జబ్బు తగ్గింది గానీ కోపం తగ్గలేదు దీనికి" అన్నారు.

నిజమే, తగ్గలేదు. డాక్టరమ్మ అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పి రెండేళ్ళయింది. చలికి దుప్పటి కప్పుకుంటున్నాను, అన్నం నెమ్మదిగా నములుతున్నాను, అయినా ఈ విషయానికి నాకు కోపం వస్తూనే ఉంది. అంటే ఇది పిత్తానిదీ కాదు, గ్రంథిదీ కాదు. నాదే.

అత్తగారు పాప వైపు తిరిగారు. కాసేపు చూసి, "ఏమే, తింటావా? మంట పుడుతుందా?" అని అడిగారు. నేను వినగా, మా ఇంట్లో ఆడపిల్లని ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"తింటాను నాయనమ్మా. మంటగా ఉంటే చెబుతాను" అంది అది.

మరియమ్మక్క మోచేత్తో నన్ను పొడిచి నా చేతులవైపు చూపించింది. గుండెలో కోపం అలాగే ఉంది. సూదికి దారం తగులుకుని ఉంది. ఒక్క వేలైనా వణకడం లేదు.